సత్ప్రసాదం పాఠంలో ఆకలికి చోటెక్కడ?

క్లుప్తంగా

కతోలిక పిల్లలు సాధారణంగా ఏడెనిమిదేళ్ళ వయసు దాటాక మొదటిసారి దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరంగా నమ్మి తీసుకునే రొట్టెను, స్వీకరిస్తారు. అంతకు ముందు జరిగే శిక్షణలో విశ్వాసం గురించిన పాఠం గట్టిగానే ఉంటుంది. ఆకలితో ఉన్నవాళ్ళతో పంచుకోవడం మాత్రం వేరే సేవా కార్యక్రమంగా పక్కన మిగిలిపోతుంది. తొలి క్రైస్తవుల రాతల్లో ఈ రెండూ ఒకే పాఠం. అవి ఎలా విడిపోయాయి, 1964 బొంబాయి సత్ప్రసాద మహాసభ నుంచి వాటిని మళ్ళీ కలపడానికి ఏం చేశారు, తెలుగు విచారణల్లో, అంటే ఒక్కో గుడికి చెందిన స్థానిక సంఘాల్లో, ఆ పాఠం ఎలా ఉండగలదు అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఈ చర్చ ఇప్పుడెందుకు

2019 ఆగస్టులో అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ ఒక సర్వే ఫలితం ప్రకటించింది. పూజలో రొట్టె, ద్రాక్షారసం నిజంగా క్రీస్తు శరీర రక్తాలవుతాయని నమ్మే కతోలికులు ఆ దేశంలో 31 శాతమే అని తేలింది. మిగతావాళ్ళు వాటిని గుర్తులుగానే చూస్తున్నారు. ఆ అంకె అక్కడి పీఠాధిపతులను (బిషప్‌లను) కలవరపెట్టింది. 2022 నుంచి 2025 దాకా దేశమంతటా సత్ప్రసాద పునరుజ్జీవన కార్యక్రమం నడిపారు. 2024 జులైలో ఇండియానాపోలిస్‌లో మహాసభ జరిగింది.

2025 సెప్టెంబర్ 7న పోప్ 14వ లియో, కార్లో అకుటిస్‌ను పునీతుడిగా ప్రకటించారు. 1991లో లండన్‌లో పుట్టి, మిలాన్‌లో పెరిగి, 2006లో పదిహేనేళ్ళకే లుకేమియాతో చనిపోయిన కుర్రాడు ఇతను. జీన్స్, స్పోర్ట్స్ షూ వేసుకున్న పునీతుడు కాబట్టి పిల్లలకు వెంటనే దగ్గరయ్యాడు. ఇతని గురించి చెప్పేవాళ్ళు సత్ప్రసాద అద్భుతాల మీద తయారుచేసిన వెబ్‌సైట్ గురించి వివరంగా చెబుతారు. మిలాన్ వీధుల్లో ఇల్లు లేనివాళ్ళకు భోజనం తీసుకెళ్ళిన సంగతి, దాచుకున్న డబ్బుతో స్లీపింగ్ బ్యాగ్ కొనిచ్చిన సంగతి ఒక్క వాక్యంలో అయిపోతాయి. రోజూ పూజకు వెళ్ళడానికి, రోడ్డు మీద పడుకున్న మనిషి దగ్గర ఆగడానికి ఉన్న సంబంధం ఏమిటో పిల్లలకు విడమరిచి చెప్పడం అరుదు. అదే ఏడాది అక్టోబర్‌లో పోప్ లియో విడుదల చేసిన ఉపదేశ పత్రం 'దిలెక్సీ తే' పూర్తిగా పేదల మీద ప్రేమ గురించే. ఒకవైపు ఆరాధన పెరగాలన్న పిలుపు, ఇంకోవైపు పేదల దగ్గరికి వెళ్ళమన్న పిలుపు. ఇవి రెండు వేరు వేరు పనులా, ఒక్కటేనా అన్న సందేహం ఇక్కడే మొదలవుతుంది.

గొడవ మధ్యలో రాసిన మాటలు

యేసు చనిపోయే ముందు రాత్రి శిష్యులతో చేసిన కడరా భోజనంలో పలికిన మాటల గురించి దొరికే రాతల్లో అన్నిటికన్నా పాతది సువార్తల్లో ఉండదు. క్రీ.శ. 54 ప్రాంతంలో పౌలు కొరింతు సంఘానికి రాసిన మొదటి లేఖ 11వ అధ్యాయంలో ఉంటుంది. సువార్తలు ఆ తర్వాత వచ్చాయి. పౌలు ఆ మాటలను ఏ సందర్భంలో గుర్తుచేశాడన్నది పిల్లలకు దాదాపుగా ఎవరూ చెప్పరు. అక్కడి వాళ్ళను గట్టిగా మందలిస్తూ రాశాడు. మందలింపుకు కారణం ఆకలి.

అప్పటికి క్రైస్తవులకు గుళ్ళు లేవు. సంఘంలో కాస్త ఉన్నవాళ్ళ ఇంట్లో అందరూ చేరేవాళ్ళు. మామూలు భోజనం, ప్రభువు జ్ఞాపకార్థం రొట్టె విరవడం ఒకే కూడికలో జరిగేవి. తీరిక ఉన్నవాళ్ళు పెందలాడే వచ్చి తాము తెచ్చుకున్నది తినేసేవాళ్ళు. బానిసలు, కూలీలు పని ముగించుకుని వచ్చేసరికి పొద్దుపోయేది, గిన్నెలు ఖాళీ అయ్యేవి. లోపలి భోజనాల గదిలో పట్టేది కొద్దిమందే కాబట్టి మిగతావాళ్ళు బయట వసారాలో ఉండిపోయేవాళ్ళు. చరిత్రకారుల్లో ఎక్కువమంది ఇచ్చే వివరణ ఇది. ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి మత్తులో ఉన్నాడని, ఏమీ లేనివాళ్ళను సిగ్గుపడేలా చేస్తున్నారని, మీరు తినేది ప్రభువు భోజనం కానే కాదని పౌలు రాశాడు. ఆ వెంటనే కడరా భోజనం మాటలు గుర్తుచేశాడు. చివర్లో చెప్పిన మందు చాలా చిన్నది. భోజనానికి చేరినప్పుడు ఒకరి కోసం ఒకరు ఆగండి అన్నాడు.

అదే అధ్యాయంలో శరీరాన్ని గుర్తించకుండా తినేవాడు తన మీదికి తీర్పు తెచ్చుకుంటాడన్న హెచ్చరిక ఉంది. సత్యోపదేశం (మతబోధ) తరగతుల్లో ఈ వాక్యాన్ని పాపసంకీర్తనం చేసి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకుని, శుభ్రమైన మనసుతో స్వీకరించాలని చెప్పడానికి వాడతారు. అది సరైన వాడకమే. కానీ పౌలు రాసిన చోట చూస్తే గుర్తించని శరీరంలో వసారాలో ఆకలితో నిలబడ్డ మనిషి కూడా ఉన్నాడు. వ్యాఖ్యాతలు చాలామంది రెండు అర్థాలనూ కలిపే చదువుతారు. పిల్లలకు మొదటి అర్థం ఒక్కటే చెబితే పాఠం సగంలో ఆగిపోయినట్టే.

పూజ నుంచి భోజనం విడిపోయిన తీరు

క్రీ.శ. 155 ప్రాంతంలో రోమ్‌లో ఉన్న క్రైస్తవ రచయిత జస్టిన్, ఆదివారం క్రైస్తవులు ఏం చేస్తారో చక్రవర్తికి వివరిస్తూ రాశాడు. లేఖనాలు చదవడం, ప్రసంగం, ప్రార్థన, రొట్టె ద్రాక్షారసాల మీద కృతజ్ఞతాస్తుతి, వాటిని పంచడం, రాలేనివాళ్ళకు డీకన్ల చేత పంపించడం. నేటి పూజ క్రమం దాదాపుగా ఇదే. ఆ వెంటనే, కలిగినవాళ్ళు తమకు తోచినంత ఇస్తారని, దాన్ని పెద్ద దగ్గర ఉంచితే ఆయన అనాథలకు, విధవలకు, రోగులకు, జైల్లో ఉన్నవాళ్ళకు, పరాయి ఊరి నుంచి వచ్చినవాళ్ళకు సాయం చేస్తాడని రాశాడు. అంటే అప్పటికే పూజ వేరు, రాత్రి భోజనం వేరు అయ్యాయి. అయినా పేదల వంతు పూజ లోపలే ఉంది. కానుకల పళ్ళెం పుట్టుక అక్కడ కనిపిస్తుంది.

తర్వాతి శతాబ్దాల్లో మార్పులు మెల్లగా జరిగాయి. మొదట్లో జనం ఇంటి నుంచి తెచ్చిన రొట్టెలోంచే బలిపీఠానికి తీసేవాళ్ళు. పశ్చిమ దేశాల్లో పులియని పల్చటి అప్పం వాడుకలోకి రావడంతో ఇంటి రొట్టెకు పూజతో సంబంధం తెగింది. ధాన్యం, నూనె, రొట్టె బదులు డబ్బు వచ్చింది. జనం సత్ప్రసాదం తీసుకోవడమే అరుదైపోయింది. 1215లో జరిగిన నాలుగో లాటరన్ మహాసభ ఏడాదికి ఒక్కసారైనా తీసుకోవాలని నియమం పెట్టవలసి వచ్చిందంటే ఎంత తగ్గిందో ఊహించవచ్చు. మఠాల గుమ్మాల దగ్గర అన్నం పెట్టడం, ఆసుపత్రులు నడపడం ఆగలేదు. ఆగినది ఆ పనికి, బలిపీఠానికి ఉన్న కంటికి కనిపించే లంకె.

1910 ఆగస్టు 8న పోప్ 10వ పయస్ ఆమోదంతో వచ్చిన ఆజ్ఞాపత్రం పిల్లల విషయంలో పెద్ద మలుపు. అంతవరకు చాలాచోట్ల పది, పన్నెండు, పద్నాలుగేళ్ళ దాకా ఆగమనేవాళ్ళు. ఈ పత్రం దాదాపు ఏడేళ్ళ వయసును ఖాయం చేసింది. పసివాళ్ళను ప్రభువుకు దూరంగా ఉంచకూడదన్నది దాని ఉద్దేశం. మామూలు రొట్టెకు, సత్ప్రసాదానికి తేడా తెలిస్తే చాలు, వేదాంతం అంతా రానక్కర్లేదని చెప్పింది. చిన్నవాళ్ళకు తలుపు తెరిచిన మంచి నిర్ణయం ఇది. అయితే ఏడేళ్ళ పిల్లలకు పాఠం కుదించేటప్పుడు ఈ తేడా ఒక్కటే పాఠానికి నడుమయింది. ఇది మామూలు రొట్టె కాదు అన్నది పిల్లవాడికి బాగా నాటుకుంది. మరి మామూలు రొట్టె దొరకనివాళ్ళ సంగతేమిటి అన్న ప్రశ్న తరగతి బయట ఉండిపోయింది.

నాలుగో శతాబ్దం చివర్లో అంతియోకులో యోహాను క్రిసోస్తం మత్తయి సువార్త మీద ప్రసంగిస్తూ ఈ ప్రశ్ననే అడిగాడు. బల్ల మీద బంగారు పాత్రలున్నా క్రీస్తు ఆకలితో చస్తుంటే ఏం లాభం, ముందు ఆకలి తీర్చి, మిగిలినదానితో బల్లను అలంకరించమన్నాడు. 1992లో వచ్చిన కతోలిక సంఘపు అధికారిక సత్యోపదేశ గ్రంథం 1397వ పేరా సత్ప్రసాదం మనల్ని పేదలకు బాధ్యుల్ని చేస్తుందని చెబుతూ క్రిసోస్తం ఇంకో ప్రసంగంలోని మాటలను ఉటంకించింది. సిద్ధాంతం ఎప్పుడూ పోలేదు. పిల్లల పాఠంలోకి దిగడమే ఆలస్యమవుతోంది.

ప్రసాదమే అయితే అందరికీ ఎందుకు పెట్టరు?

తెలుగు నేల మీద ఈ పాఠానికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇక్కడ కతోలికులు వాడే మాటే 'సత్ప్రసాదం'. ప్రసాదం అన్న మాట విన్న తెలుగువాడికి వరసలో నిలబడ్డ ప్రతి ఒక్కరికీ దోసిట్లో పెట్టేది గుర్తొస్తుంది. 1985లో మొదలైన తిరుమల నిత్యాన్నదానంలోనైనా, గురుద్వారా లంగర్‌లోనైనా ఎవరు నువ్వు అని అడగరు. కతోలిక గుళ్ళో మాత్రం జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొంది, సిద్ధపడిన కతోలికులు మాత్రమే ముందుకు రావాలని చెబుతారు. పెళ్ళి పూజకో, దినం పూజకో వచ్చిన స్నేహితులు తెలియక చెయ్యి చాపడం, పూజ చేసే గురువు ఆగి అడగడం, ఇద్దరికీ ఇబ్బంది కావడం జరుగుతూనే ఉంటాయి. పక్కన చూస్తున్న పిల్లవాడికి వచ్చే సందేహం సహజమైనది. పంచుకోమని చెప్పే మతం పంచడంలో హద్దు ఎందుకు పెట్టింది?

దీనికి జవాబు కూడా చాలా పాత రాతలోనే ఉంది. మొదటి శతాబ్దం చివరో, రెండో శతాబ్దం మొదట్లోనో రాసిన 'దిడాకే' అనే చిన్న బోధ పుస్తకం జ్ఞానస్నానం పొందినవాళ్ళు తప్ప వేరేవాళ్ళు ఈ రొట్టె తినకూడదని స్పష్టంగా చెబుతుంది. లేమిలో ఉన్నవాణ్ణి వెనక్కి పంపొద్దని, ఉన్నదంతా సోదరుడితో పంచుకోమని, ఇది నా సొంతమని అనొద్దని కూడా అదే పుస్తకం చెబుతుంది. రెండు నియమాలూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. బలిపీఠం దగ్గర హద్దు ఉంది, ఎందుకంటే అక్కడ తీసుకోవడం అంటే ఒక నమ్మకానికి, ఒక సంఘానికి నోరారా ఆమెన్ చెప్పడం. అన్నం బల్ల దగ్గర హద్దు లేదు, ఎందుకంటే ఆకలికి మతం లేదు. మొదటి బల్ల దగ్గర ఆమెన్ అన్నవాడు రెండో బల్ల దగ్గర ఎవరినీ కాదనకూడదు. ఈ రెండు బల్లల తేడా చెప్పకపోతే పిల్లవాడు రెండు తప్పుల్లో ఒకటి చేస్తాడు. సత్ప్రసాదాన్ని కూడా అందరికీ పంచే తీపి అనుకుంటాడు, లేదా అన్నం పెట్టేటప్పుడు కూడా మనవాళ్ళా కాదా అని చూస్తాడు. రెండోది ఎక్కువ ప్రమాదం.

తెలుగులో ఈ పాఠానికి అనుకూలించే మాట కూడా ఒకటి ఉంది. పూజలో సత్ప్రసాదం స్వీకరించడానికి కాస్త ముందు అందరూ పరలోక జపం చెబుతారు. మూలంలో రొట్టె అని ఉన్నచోట తెలుగు కతోలికుల జపంలో 'అన్నము' అని ఉంటుంది. నా అన్నం అని కాదు, మా అన్నం అని ఉంటుంది. 'మా'లో ఎవరెవరు ఉన్నారని పిల్లలను అడిగితే చాలు, పాఠం దానంతటదే నడుస్తుంది.

బొంబాయి నుంచి ఫిలడెల్ఫియాకు

సత్ప్రసాదాన్ని, ఆకలిని ప్రపంచం ముందు ఒకే వేదిక మీదికి తెచ్చిన సందర్భాల్లో ఒకటి మన దేశంలోనే జరిగింది. 1964 నవంబర్ చివర, డిసెంబర్ మొదట్లో బొంబాయిలో 38వ అంతర్జాతీయ సత్ప్రసాద మహాసభ జరిగింది. డిసెంబర్ 2న పోప్ 6వ పాల్ వచ్చారు. భారతదేశంలో అడుగుపెట్టిన మొదటి పోప్ ఆయనే. దేశంలో తిండి గింజల కొరత ఉన్న రోజులవి, అమెరికా గోధుమల ఓడల కోసం ఎదురుచూస్తున్న కాలం. ఇక్కడి బీదరికం చూసిన ఆయన, దేశాలు ఆయుధాల మీద పెట్టే ఖర్చులో కొంతైనా తీసి పేదల కోసం ప్రపంచ నిధి పెట్టాలని విలేకరుల ద్వారా విజ్ఞప్తి చేశారు. మూడేళ్ళ తర్వాత, 1967లో, ప్రజల అభివృద్ధి మీద రాసిన విశ్వలేఖలో ఆ బొంబాయి పిలుపును మళ్ళీ గుర్తుచేశారు. తన వాడకానికి ఇచ్చిన ఖరీదైన లింకన్ కారును వెళ్ళేటప్పుడు మదర్ తెరెసాకు ఇచ్చేశారు. ఆమె దాన్ని లాటరీ పెట్టి, వచ్చిన డబ్బును కుష్ఠు రోగుల కేంద్రానికి వాడారు. పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా సులువైన కథ దొరకదు.

1976 ఆగస్టులో ఫిలడెల్ఫియాలో జరిగిన 41వ మహాసభ అంశమే సత్ప్రసాదం, మానవ కుటుంబపు ఆకళ్ళు. మదర్ తెరెసా, అమెరికాలో పేదల మధ్య పనిచేసిన డొరొతీ డే, బ్రెజిల్ పీఠాధిపతి హెల్డర్ కమారా, యేసు సభ (జెసూట్ల) పెద్ద పెద్రో అరూపే అక్కడ మాట్లాడారు. లోకంలో ఎక్కడ ఆకలి ఉన్నా ప్రతిచోటా మన పూజ ఎంతో కొంత అసంపూర్ణమే అని అరూపే చెప్పిన మాట ఆ తర్వాత చాలా తరగతుల్లో పాఠమైంది.

ఆ మహాసభ వల్ల అమెరికా అంతా పాకిన పద్ధతి రైస్ బౌల్. అది 1975లో పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్ మేత్రాసనంలో (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతంలో), ఆఫ్రికా సాహెల్ కరువు చూసి మొదలైంది. ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల తపస్కాలంలో ఇంటింటికీ ఒక అట్టపెట్టె ఇస్తారు. భోజనాల బల్ల మీద అది ఉంటుంది. ఒకపూట మాంసం మానేసి సాదా తిండి తిని, మిగిలిన డబ్బు అందులో వేస్తారు. వచ్చినదాంట్లో 75 శాతం విదేశాల్లో సహాయ పనులకు వెళుతుంది, 25 శాతం ఆ మేత్రాసనంలోని పేదలకు మిగులుతుంది. దీని బలమంతా ఆ పెట్టె ఉండే చోటులో ఉంది. గుడి పాఠం ఇంటి భోజనం మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. ఆలోచన మాత్రం కొత్తది కాదు. ఉపవాసం ఉన్న రోజు తిండికి అయ్యే ఖర్చు లెక్కగట్టి విధవకో, అనాథకో ఇవ్వమని రెండో శతాబ్దపు రచన 'హెర్మాసు కాపరి'లోనే ఉంది. ఆకలిగొన్నవాడితో రొట్టె పంచుకోవడమే తనకు నచ్చిన ఉపవాసమని యెషయా 58వ అధ్యాయంలో దేవుడు చెప్పినది ఇంకా పాతది.

భారత కతోలిక సంఘంలో 1962లో ఏర్పడిన కారితాస్ ఇండియా కూడా ఏటా తపస్కాలంలో ఆకలి, రోగాల మీద ప్రచారం నడిపి విరాళాలు సేకరిస్తుంది. అయితే కవరులో డబ్బులు పెట్టి ఇవ్వడం దగ్గరే చాలామంది పిల్లలకు ఆ పాఠం ఆగిపోతుంది.

ఇక్కడి పిల్లవాడు దాత మాత్రమే కాదు

రైస్ బౌల్ పద్ధతిని ఉన్నదున్నట్టు తెలుగు పల్లెకు తెస్తే సరిపోదు. ఆ పద్ధతిలో పిల్లవాడు నిండుగా తినేవాడు, ఆకలిగొన్నవాడు దూరదేశంలో ఫొటోలో ఉన్నవాడు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విచారణల్లో కతోలికుల్లో ఎక్కువమంది దళిత కుటుంబాల వాళ్ళు, వాళ్ళలో కూలి మీద బతికేవాళ్ళు చాలామంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. సత్యోపదేశం తరగతిలో కూర్చున్న పిల్లల ఇళ్ళల్లోనే ఆ అంకెలోని తమ్ముడో, చెల్లెలో ఉండవచ్చు. లేనివాళ్ళకు ఇవ్వండి అని చెప్పినప్పుడు ఆ పిల్లవాడు తాను ఇచ్చేవాళ్ళ వైపా, తీసుకునేవాళ్ళ వైపా అని తికమకపడతాడు. కొందరు సిగ్గుపడతారు. కొరింతులో జరిగిందీ అదే.

ఇక్కడ యోహాను 6వ అధ్యాయంలోని కుర్రవాడు సాయపడతాడు. అతని దగ్గర ఉన్నవి అయిదు యవల రొట్టెలు, రెండు చేపలు. గోధుమ కొనలేని బీదలు తినేది యవల రొట్టె. ఆ కుర్రవాడు ఉన్నవాళ్ళ ఇంటి బిడ్డ కాకపోవచ్చన్న సూచన ఆ ఒక్క మాటలో ఉంది. అయిదు వేలమంది తిన్నది ఒక బీద పిల్లవాడి సద్దిలోంచి. పంచుకోవడం ఉన్నవాడి దయ కాదని, లేనివాడు కూడా చేయగలిగిన పని అని ఈ కథ చెబుతుంది.

పిడికెడు బియ్యం పద్ధతి కూడా ఇలాంటిదే. మిజోరంలోని ప్రెస్బిటేరియన్ సంఘంలో 1910 నుంచి 'బుహ్‌ఫాయ్ థామ్' పేరుతో ఇది నడుస్తోంది. అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం పక్క కుండలో వేసి, నిండాక సంఘానికి ఇస్తారు. కొన్ని తెలుగు సంఘాల్లోనూ పిడికెడు బియ్యం తీసిపెట్టే అలవాటు ఉంది. రైస్ బౌల్ మిగుల్చుకున్నదాన్ని ఇమ్మంటుంది. పిడికెడు బియ్యం వండకముందే తీయమంటుంది. పెద్ద ఇంట్లోనూ పిడికెడే, గుడిసెలోనూ పిడికెడే. ఎవరెంత ఇచ్చారో బయటికి తెలియదు. చేసేది అమ్మ, చూసేది పిల్లవాడు. పాఠంగా చూస్తే ఇది బలమైన పద్ధతి.

కులం సంగతి దాటేస్తే ఈ విషయం పూర్తి కాదు. 2016 డిసెంబర్‌లో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య విడుదల చేసిన దళిత సాధికారత విధానపత్రం, సంఘం లోపల కూడా కుల వివక్ష ఉందని ఒప్పుకుంది. 2022 ఆగస్టులో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ కార్డినల్ అయినప్పుడు, ఆ పదవికి వచ్చిన మొదటి దళితుడిగా, మొదటి తెలుగువాడిగా లోకమంతా గుర్తించింది. బలిపీఠం దగ్గర ఒకే అప్పం తీసుకుని, ఇంటికెళ్ళాక ఒకే పంక్తిలో కూర్చోనివాళ్ళు ఉన్నంతకాలం కొరింతు అధ్యాయం పాత కథ కాదు. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలకు ఈ మాట సూటిగానే చెప్పవచ్చు. వాళ్ళకు ఇంటి దగ్గర ముందే తెలిసి ఉంటుంది.

పాఠం చేతికి అందాలంటే

యోహాను సువార్త క్రమంలోనే ఒక బోధనా పద్ధతి ఉంది. ముందు జనం కడుపునిండా తిన్నారు. మిగిలిన ముక్కలు పారేయకుండా పన్నెండు గంపల్లోకి ఎత్తారు. మర్నాడు యేసు జీవాహారం గురించి మాట్లాడాడు. ఆకలి, అన్నం, ఆ తర్వాత పరలోక అన్నం. చాలా తరగతుల్లో ఇది తిరగబడి, నిర్వచనంతో మొదలై, జ్ఞాపకం పెట్టుకోవలసిన జవాబుతో ముగుస్తుంది. ఏడేళ్ళ పిల్లకు నిర్వచనం కన్నా పిండి ముద్ద బాగా అర్థమవుతుంది. గుప్పెడు గోధుమలు చేతిలో పోసి, విసిరి, పిండి కలిపి, కాల్చి, విరిచి తినిపిస్తే, కొండల మీద చెదిరిన గింజలు ఒక్క రొట్టె అయినట్టు మమ్మల్ని ఒక్కటి చేయమన్న దిడాకే ప్రార్థన ఆ పిల్లకు వేరే వివరణ లేకుండా తెలుస్తుంది. రోమ్‌లో 1954లో సోఫియా కవల్లెత్తి మొదలుపెట్టిన, మాంటెస్సోరి మీద ఆధారపడ్డ సత్యోపదేశ పద్ధతి పిల్లల చేతికి చిన్న బలిపీఠం, చిన్న పాత్రలు ఇచ్చి నేర్పుతుంది. దానికి మన వంటింటి గిన్నె ఒకటి జోడిస్తే చాలు.

సత్ప్రసాదానికి ముందు ఒక గంట ఏమీ తినకూడదన్న నియమం ఇంకో అవకాశం. 1964 నవంబర్ వరకు ఇది మూడు గంటలు, అంతకు ముందు అర్ధరాత్రి నుంచి. పిల్లలకు దీన్ని నిషేధంగానే చెబుతున్నారు. కడుపులో ఆ చిన్న కరకరను వాళ్ళు గమనించేలా చేసి, గంట కాదు, రోజంతా ఇలా ఉండేవాళ్ళు ఊళ్ళో ఎవరు అని అడిగితే నియమం వెనక ఉన్న మనిషి కనిపిస్తాడు.

పెద్ద పిల్లలకు ఇంకో మెట్టు ఉంది. దానం, హక్కు ఒకటి కాదని వాళ్ళకు తెలియాలి. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని ఆదేశించింది. ఎయిడెడ్ కతోలిక బడుల్లో చదివే పిల్లలు తినేది ఆ హక్కునే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకానికి 2024 నుంచి డొక్కా సీతమ్మ పేరు ఉంది. గోదావరి లంకల్లో వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్ళందరికీ వండి పెట్టి, 1909లో కన్నుమూసిన హిందూ ఇల్లాలు ఆమె. నేను ఆకలిగొన్నప్పుడు మీరు నాకు పెట్టారు అన్న మత్తయి 25వ అధ్యాయం మాటను కతోలిక కుర్రవాళ్ళకు చెప్పేటప్పుడు ఆమెను తలుచుకోవడానికి ఏ అడ్డూ లేదు. ఆ అధ్యాయంలో తీర్పు అడిగేది అన్నం పెట్టావా అనే.

మొదటి సత్ప్రసాదం ఫంక్షన్ అయినప్పుడు

బోధనకు ఎదురు నడిచే శక్తి ఒకటి ఇంట్లోనే ఉంది. చాలాచోట్ల మొదటి సత్ప్రసాదం చిన్నపాటి పెళ్ళిలా మారింది. గౌను, సూటు, ఫొటోగ్రాఫర్, ఫ్లెక్సీ, విందు. బిడ్డ పండుగ ఘనంగా చేయాలన్న తల్లిదండ్రుల ప్రేమను తప్పుపట్టలేం. కానీ తరగతిలో పదిహేనుమంది ఉంటే అందరి ఇళ్ళూ ఒకేలా ఉండవు. కూలి ఇంటికి ఆ నెలంతా టెన్షనే. కొందరు అప్పు చేస్తారు, కొందరు వచ్చే ఏడాది చూద్దామని బిడ్డను ఆపేస్తారు. బట్టల డబ్బు లేక సంస్కారం వాయిదా పడడం చిన్న విషయం కాదు. ఏమీ లేనివాళ్ళను సిగ్గుపడేలా చేస్తున్నారన్న పౌలు మాట నేరుగా వర్తించే చోటు ఇదే.

పరిష్కారాలు ఖరీదైనవేమీ కావు. అందరికీ ఒకేలాంటి సాదా తెల్ల వస్త్రం విచారణ నుంచే ఇచ్చి, మళ్ళీ తీసుకుని మరుసటి ఏడాది వాడే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. విందులు ఇంటింటికీ విడిగా కాకుండా గుడి ఆవరణలో అందరికీ ఒకటే పెడితే ఖర్చు తగ్గుతుంది, పంక్తి ఒకటవుతుంది. ఆ పంక్తిలోకి గేటు బయట ఉన్నవాళ్ళను కూడా పిలిస్తే, పిల్లలే వడ్డిస్తే, ఆ ఏడాది శిక్షణ అంతటిలో వాళ్ళు మర్చిపోనిది ఆ మధ్యాహ్నమే అవుతుంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. తినేవాళ్ళ ముఖాలను ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టకూడదు. అన్నం తినడానికి వచ్చిన మనిషి అతిథి.

పవిత్ర గురువారం కానుకలు

కొత్త కార్యక్రమం ఏదీ పెట్టకపోయినా, పూజ క్రమంలోనే దీనికి చోటుంది. రోమన్ పూజా గ్రంథం సాధారణ సూచనల్లో 73వది, రొట్టె ద్రాక్షారసాలతో పాటు పేదల కోసం డబ్బు గానీ వేరే కానుకలు గానీ తేవచ్చని, వాటిని బలిపీఠం మీద కాకుండా పక్కన తగిన చోట ఉంచాలని చెబుతుంది. కడరా భోజనాన్ని తలుచుకునే పవిత్ర గురువారం సాయంత్రం పూజకు ఆ గ్రంథం ఇంకా ప్రత్యేకంగా చెబుతుంది. పేదల కోసం తెచ్చిన కానుకలను విశ్వాసులు రొట్టె ద్రాక్షారసాలతో కలిసి ఊరేగింపుగా తేవచ్చని ఆ రోజు సూచనలోనే రాసి ఉంది. పాదాలు కడగడం అయిన కాసేపటికే ఇది వస్తుంది. పాదాలు కడిగే ఘట్టం ప్రతి విచారణలోనూ కనిపిస్తుంది. పేదల కానుకల ఊరేగింపు మాత్రం అంతగా కనిపించదు.

తపస్కాలం నలభై రోజులూ ఇళ్ళల్లో తీసిన పిడికెడు బియ్యం సంచులను ఆ సాయంత్రం పిల్లలే మోసుకుని రావచ్చు. వాటిని బలిపీఠం కింద పక్కగా ఉంచుతారు. అదే పూజలో కొద్దిసేపటికి గురువు రొట్టె విరుస్తాడు. ఆ తర్వాత వారం సత్యోపదేశం తరగతిలో ఉపదేశి చెప్పవలసింది ఎక్కువేమీ ఉండదు. ఆ బియ్యం ఎన్ని కిలోలు అయిందో, ఏ వీధిలో ఎన్ని ఇళ్ళల్లో ఉడికిందో, ఎవరి పేరూ బయటపెట్టకుండా పిల్లలకు లెక్క చెబితే సరిపోతుంది.